విండోస్, మాక్, లినక్స్: మన సాఫ్ట్‌వేర్ మూడింట్లోనూ ఒకేలా ఉండాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఇన్నాళ్లూ విండోస్ మీదే నడిచిన బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్‌ని క్యూటీలో (మూడు సిస్టమ్‌లకీ ఒకే కోడ్ రాయనిచ్చే టూల్‌కిట్) తిరగరాస్తున్నారు. ఇకపై మాక్‌కీ లినక్స్‌కీ కూడా ఇస్తారు. తెర తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. మీ యజమాని "మూడింట్లోనూ అచ్చు గుద్దినట్టు ఉండాలి, లేకపోతే ఫోన్లో కస్టమర్‌కి ఏం చెప్తాం" అంటున్నారు. డిజైనరేమో "ఏ సిస్టమ్‌లో ఆ సిస్టమ్ పద్ధతే" అంటున్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా సగం సగం వినండి. మీ సాఫ్ట్‌వేర్ మాత్రమే చేసే పని మూడింట్లోనూ ఒకేలా ఉండాలి. ఆ కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రామూ చేసే పని ఆ కంప్యూటర్ పద్ధతిలోనే జరగాలి. బిల్లు వేయడం, స్టాకు చూడటం, లెడ్జరు తీయడం మీ సొంతం. సేవ్, ప్రింట్, కాపీ, ఫైలు ఎంచుకోవడం, విండో మూయడం, టైపు చేసింది దిద్దుకోవడం మీ సొంతం కావు. వాటిని మీ కస్టమర్ మీకంటే ముందే ఎక్కడో నేర్చుకుని వచ్చాడు.

గల్లా దగ్గర కూర్చున్న మనిషి ముందు ఉండేది ఒకటే మెషీను. అతని లెక్కలో "ఒకేలా" అంటే పక్కనే తెరిచున్న బ్రౌజరులా, ఎక్సెల్‌లా అని. మూడు మెషీన్లు పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూసేది మీరూ, మీ టెస్టరూ, మీ సపోర్టువాళ్లూ. వాళ్ల ఇబ్బంది నిజమే, దాని సంగతి కింద చెప్తాను.

ఇంకోటి. రంగులు, ఐకాన్లు, లోగో గురించి మీటింగుల్లో గంటలు పోతాయి గానీ అక్కడ పోయేదేమీ లేదు. కన్ను రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. వేళ్లు సర్దుకోవు. కాబట్టి ఈ జవాబంతా వేళ్ల గురించే.

ఈ తప్పు మహామహులే చేశారు. మైక్రోసాఫ్ట్ 1994లో మాక్‌కి ఇచ్చిన వర్డ్ 6ని విండోస్ వర్డ్‌తో ఉమ్మడి కోడ్ మీద కట్టింది. మెనూలూ డైలాగులూ విండోస్ వాసన కొట్టాయి, పైగా నత్తనడక. చాలామంది పాత 5.1నే పట్టుకుని వేలాడారు. 1998లో వచ్చిన మాక్ ఆఫీస్‌ని మాక్ కోసమే విడిగా పెట్టుకున్న బృందం చేసింది. ఆపిల్ అదే తప్పు అటువైపు నుంచి చేసింది: 2007లో విండోస్‌కి తన బ్రౌజరు సఫారీ ఇస్తూ అక్షరాలని సైతం మాక్ పద్ధతిలోనే గీసింది. విండోస్ అలవాటున్న కళ్లకి అవి మసగ్గా కనిపించాయి. 2009లో సఫారీ 4 విండోస్ రూపానికి దిగొచ్చింది.

ఇక అసలు పనిలోకి.

డైలాగ్ బటన్ల వరస. విండోస్‌లో ఓకే ముందు, క్యాన్సిల్ దాని కుడిపక్కన. మాక్‌లో, గ్నోమ్‌లో (లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటి) క్యాన్సిల్ ముందు, పని జరిపించే బటన్ కుడి చివర. ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈ వరస విండోస్‌కి దగ్గర. అలవాటుపడ్డ చెయ్యి చదవదు, చోటు చూసి నొక్కేస్తుంది. "ఈ బిల్లు రద్దు చేయాలా?" అన్నచోట అలా జరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. బటన్లని లేఅవుట్‌లో చేత్తో పేర్చకండి. క్యూటీలోని క్యూడైలాగ్‌బటన్‌బాక్స్ వాడి ప్రతి బటన్‌కీ దాని పాత్ర చెప్పండి: యాక్సెప్ట్, రిజెక్ట్, డిస్ట్రక్టివ్. వరస సంగతి అది చూసుకుంటుంది. బటన్ మీద "అవును / కాదు" బదులు "బిల్లు రద్దు చెయ్యి / ఉంచు" అని రాస్తే ఏ వరసలోనైనా పొరపాటు తగ్గుతుంది.

సెట్టింగ్స్, అబౌట్, క్విట్. మాక్‌లో ఈ మూడూ ప్రోగ్రాం పేరుతో ఉండే మొదటి మెనూలోకి వెళ్లాలి. సెట్టింగ్స్‌కి కమాండ్+కామా. క్యూటీ వీటిని తనంతట తానే అక్కడికి జరుపుతుంది, కానీ జరిపే తీరు తెలుసుకోకపోతే తెలుగు తెరలో దెబ్బతింటారు. మెనూ ఐటమ్ పేరు ఆప్షన్స్, సెట్టింగ్, సెటప్, ప్రిఫరెన్స్ లాంటి ఇంగ్లీషు మాటలతో మొదలవుతుందేమో చూసి అది ఊహిస్తుంది. "అమరికలు" అని తెలుగులో పెట్టిన ఐటమ్‌ని అది పోల్చుకోలేదు, అది ఉన్నచోటే ఉండిపోతుంది. ఇంగ్లీషు తెరలో దీనికి తిరకాసు: సెటప్ అనే మాటతో మొదలయ్యే ప్రింటర్ ఐటమ్ ఒకటి ఉంటే అది టూల్స్‌లోంచి మాయమై మొదటి మెనూలో తేలుతుంది, టెస్టరేమో పోయిందని బగ్ రాస్తాడు. రెండింటికీ మందు ఒకటే. ప్రతి యాక్షన్‌కీ మెనూరోల్ (మెనూలో దాని పాత్ర) మీరే పెట్టండి, కదలకూడని వాటికి నోరోల్ పెట్టండి.

షార్ట్‌కట్లు. క్యూటీ కోడ్‌లో కంట్రోల్ అని రాస్తే మాక్‌లో అది కమాండ్ అయిపోతుంది. వెబ్ పరిజ్ఞానంతో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే ఎలక్ట్రాన్‌లో అయితే కమాండ్‌ఆర్‌కంట్రోల్ అని మీరే రాయాలి. దీంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. మిగిలినవే కుడతాయి:

రీడూ (రద్దు చేసింది మళ్లీ చేయడం) విండోస్‌లో కంట్రోల్+వై, మాక్‌లో కమాండ్+షిఫ్ట్+జడ్. కాబట్టి ఇలాంటివాటికి కీలు రాయకుండా క్యూకీసీక్వెన్స్‌లోని స్టాండర్డ్ కీలు వాడండి. కంట్రోల్+హెచ్ (వెతికి మార్చు) కళ్లు మూసుకుని మాక్‌కి పంపితే కమాండ్+హెచ్ అవుతుంది, అక్కడ అది ప్రోగ్రాంనే దాచేస్తుంది. కమాండ్+ఎం విండోని కిందకి దించుతుంది. కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ ఎలా చేసిందో చూస్తే నేర్చుకోవచ్చు: మాక్‌లో వెతికి మార్చడాన్ని ఆప్షన్+కమాండ్+ఎఫ్‌కి తరలించింది. టెర్మినల్ తెరిచే కీని మాత్రం మాక్‌లోనూ కంట్రోల్ మీదే ఉంచింది, ఎందుకంటే కమాండ్‌తో అదే కీ నొక్కితే మాక్‌లో విండోలు మారతాయి. అంటే అందరికీ ఒకే సూత్రం కాదు, ఒక్కో కీనీ విడిగా చూడాల్సిందే.

కంట్రోల్+ఆల్ట్ జోలికి పోకండి. విండోస్‌లో ఆ రెండూ కలిస్తే కుడి ఆల్ట్, అంటే ఆల్ట్‌జీఆర్ నొక్కినట్టే. ఇంగ్లీష్ (ఇండియా) కీబోర్డులో రూపాయి గుర్తు పడేది కంట్రోల్+ఆల్ట్+4తోనే. మీరు ఆ కీకి "నాలుగో రిపోర్టు" తగిలిస్తే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూపాయి గుర్తు టైపు చేయలేని పరిస్థితి వస్తుంది. మాక్‌లో కంట్రోల్+స్పేస్ కూడా అలాంటిదే. తెలుగు, ఇంగ్లీషు కీబోర్డులు రెండూ పెట్టుకున్నవాళ్లకి భాష మార్చే మీట అది. ఐటమ్ పేరు పూరించే సౌకర్యాన్ని దానికి కట్టకండి.

తెలుగు కీబోర్డు ఆన్ చేసి ఉంచి కంట్రోల్+ఎస్, కంట్రోల్+పి నొక్కి చూడటం మీ టెస్టుల్లో ఉండాలి, మూడు సిస్టమ్‌లలోనూ. కీ ఈవెంట్‌లో వచ్చిన అక్షరాన్ని బట్టి షార్ట్‌కట్ పట్టే కోడ్ ఎక్కడైనా ఉంటే, ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక) ఆన్ చేయగానే అది చచ్చిపోతుంది.

హెల్ప్‌లోనూ టూల్‌టిప్‌లోనూ కీ పేర్లు చేత్తో రాయకండి. యాక్షన్ నుంచే తీసి నేటివ్‌టెక్స్ట్ రూపంలో చూపిస్తే మాక్‌లో కమాండ్ గుర్తు, విండోస్‌లో కంట్రోల్ అని వాటంతట అవే పడతాయి.

టైపింగ్. ఇక్కడ సొంత తెలివి ఏమాత్రం పనికిరాదు. హోమ్, ఎండ్ కీలు విండోస్‌లో వరస మొదటికీ చివరికీ తీసుకెళ్తాయి, మాక్‌లో పేజీ పైకీ కిందకీ జరుపుతాయి. మాట మాట దూకడానికి విండోస్‌లో కంట్రోల్+బాణం, మాక్‌లో ఆప్షన్+బాణం. టూల్‌కిట్ ఇచ్చిన టెక్స్ట్ పెట్టెనే వాడితే ఇవన్నీ ఊరికే వస్తాయి. సొంతంగా గీసిన పెట్టెలో ఇవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కట్టుకోవాలి, తెలుగుకైతే రెట్టింపు పని. "స్త్రీ" అన్నది తెర మీద ఒక అక్షరం, లోపల 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్ విడి గుర్తులు). కర్సర్ దాన్ని ఒక్క దూకులో దాటాలా, మూడు దూకుల్లోనా అన్నదానికి యూనికోడ్ ప్రమాణమే 2023 నాటి 15.1లో గానీ తెలుగు ఒత్తులని కలిపి ఒక్కటిగా లెక్కించలేదు. అందుకే పాత లైబ్రరీలు ఒకలా, కొత్తవి ఒకలా ప్రవర్తిస్తాయి. మీరు మూడింట్లోనూ ఒకేలా నడిపించాలని కూర్చుంటే, ఆ మెషీన్లోని మిగతా ప్రోగ్రాములన్నిటికీ భిన్నంగా మీది ఒక్కటే నడుస్తుంది. వదిలేయండి.

సిస్టమ్‌వాళ్ల పనితనంలో తప్పులుండవని కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"లో కనిపించని ఒక విడదీత గుర్తు కలిసిన వరస ఒకటి వస్తే ఐఫోన్లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. కానీ ఐఓఎస్ 11.2.6తో ఆపిలే దిద్దింది, యాప్‌లు రాసినవాళ్లు ఒక్క వరస మార్చకుండానే అన్నీ బాగుపడ్డాయి. సొంతంగా గీసుకున్న పెట్టెలో తప్పుంటే దాన్ని దిద్దేది మీరే.

తెలుగు తెర గురించి ఒక కొలత మాట: లేబుళ్లకీ గ్రిడ్ వరసలకీ పిక్సెళ్లలో ఎత్తు బిగించకండి. విండోస్‌లో నిర్మలా యూఐ, మాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు, ఇలా దేని ఎత్తు దానిది. ఇంగ్లీషుకి సరిపోయిన ఎత్తులో కింది ఒత్తులు తెగిపోతాయి. ఫాంట్ మెట్రిక్స్ (అక్షరాల కొలతలు) అడిగి ఎత్తు పెట్టండి.

ఫైలు ఎంచుకునే డైలాగ్ సిస్టమ్‌దే వాడండి. ఇది అందం సంగతి కాదు. మాక్‌లో శాండ్‌బాక్స్ (ఫైళ్ల జోలికి పోకుండా సిస్టమ్ కట్టే కంచె) ఉన్న ప్రోగ్రాముకి, లినక్స్‌లో అలాంటి కంచెలోనే నడిచే ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాముకి, సిస్టమ్ డైలాగ్‌లో యూజరు ఎంచుకున్న ఫైలుకే అనుమతి దొరుకుతుంది. మీరు గీసిన డైలాగ్‌లో ఎంచుకుంటే ఫైలు తెరుచుకోదు. కోడ్‌లో ఎక్కడైనా డోంట్‌యూజ్‌నేటివ్‌డైలాగ్ ఉందేమో వెతికి తీసేయండి.

ఇప్పుడు మీ రంగానికే చెందిన చిక్కు. పై సూత్రానికి పెద్ద మినహాయింపు ఇక్కడుంది.

వృత్తి అలవాటు. అకౌంటెంట్ వేళ్లలో ఉండేది విండోస్ ఒక్కటే కాదు, ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ కూడా. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. నిద్రలో లేపినా చెప్తారు. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతీ కాదు, అయినా వాళ్లకి అన్నిటికంటే బలమైన అలవాటు ఇదే. కాబట్టి మూడింట్లోనూ ఉంచండి. మాక్‌లో చిక్కేమిటంటే, లాప్‌టాప్‌లో పై వరస కీలు మామూలుగా వెలుతురు, ధ్వని మార్చడానికి పనిచేస్తాయి. ఎఫ్8 కావాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి, ఎఫ్11 డెస్క్‌టాప్ చూపిస్తుంది. వీటిని ఫంక్షన్ కీలుగానే వాడేలా మార్చుకునే అమరిక కీబోర్డు సెట్టింగ్స్‌లో ఉంది. మొదటిసారి తెరిచినప్పుడు ఆ సంగతి యూజరుకి చెప్పండి. దాంతోపాటు కమాండ్+8 లాంటి రెండో దారి కూడా ఇవ్వండి. క్యూటీలో ఒక యాక్షన్‌కి రెండు షార్ట్‌కట్లు పెట్టొచ్చు.

ఎంటర్ కీ ఇంకో గొడవ. అకౌంట్ల ఎంట్రీలో ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి పోవాలి. సిస్టమ్ పద్ధతిలోనేమో ఎంటర్ అంటే డిఫాల్ట్ బటన్. ఓచర్ గ్రిడ్ లోపల వృత్తి పద్ధతి, డైలాగుల్లో సిస్టమ్ పద్ధతి అని గీత గీసుకోండి, రెండూ ఒకే తెర మీద కలవనివ్వకండి. కలిస్తే సగం నింపిన బిల్లు సేవ్ అయి కూర్చుంటుంది. నంబర్ ప్యాడ్ మీద ఎంటర్, మామూలు ఎంటర్ క్యూటీలో రెండు వేర్వేరు కీలు, కీ_ఎంటర్, కీ_రిటర్న్. రెండూ పట్టుకోండి. అంకెలు కొట్టే మనిషి వాడేది నంబర్ ప్యాడ్‌దే.

ట్యాబ్ కూడా. మాక్‌లో మొదట్లో ఉండే అమరికలో ట్యాబ్ టైపు చేసే గడుల మీదా జాబితాల మీదా మాత్రమే ఆగుతుంది. చెక్‌బాక్సులనీ బటన్లనీ దాటేస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ నావిగేషన్ ఆన్ చేస్తేనే అన్నిటి మీదా ఆగుతుంది. "జీఎస్టీ చెక్‌బాక్స్ మీద ట్యాబ్ ఆగడం లేదు" అని మాక్ నుంచి వచ్చే ఫిర్యాదు ఇదే. ఎంట్రీ ఫారంలో మాత్రం ఆ ప్రవర్తనని మార్చి అన్ని గడుల మీదా ఆపండి. మిగతా డైలాగుల్లో మాక్ ఇష్టం.

విండో మూస్తే. విండోస్‌లో ఆఖరి విండో మూస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది, మాక్‌లో ప్రోగ్రాం బతికే ఉంటుంది. కానీ ఒకే విండో ఉన్న ప్రోగ్రాముకి మాక్‌లోనూ మూయగానే ఆగిపోవడం తప్పేం కాదు. మీది డేటాబేస్ ఫైలుని లాక్ చేసి పట్టుకుంటుంది కాబట్టి ఆపేయమనే నా సలహా. లేకపోతే విండో మూసేశాం కదా అనుకుని ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకుంటారు, సగం రాసిన డేటా బ్యాకప్‌లోకి పోతుంది.

ఇక మీ యజమాని మాట నూటికి నూరుపాళ్లు చెల్లే చోట్లు.

కాగితం మీదకి వచ్చేదేదైనా ఒకేలా ఉండాలి. తెర మీద సిస్టమ్ ఫాంట్ వాడండి, బిల్లు పీడీఎఫ్‌లో మాత్రం మీతో పాటు పంపిన ఫాంటే వాడి అందులోనే పొదగండి. నిర్మలాకీ కోహినూర్‌కీ అక్షరాల వెడల్పు వేరు. సిస్టమ్ ఫాంట్‌తో వేస్తే విండోస్‌లో ఒక పేజీలో సరిపోయిన బిల్లు మాక్‌లో రెండో పేజీకి జారి, మొత్తం గడి ఒక్కటే అక్కడ మిగులుతుంది. నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉంది, సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. పైసల సవరింపు, లక్షల కామాలు (1,00,000) సిస్టమ్ మీద వదలకండి. కొన్ని లైబ్రరీలు మూడేసి అంకెలకే కామా పెట్టి 100,000 అని వేస్తాయి. ఈ పని మీ కోడ్‌లోనే ఒక్కచోట చేయండి.

ఫైలు పేర్లలో తెలుగు ఉంటే ఒక సన్నటి గోతి ఉంది. తెలుగు గుణింతాల్లో ఐత్వం (ై) ఒక్కదాన్నే యూనికోడ్ రెండు ముక్కలుగానూ రాయనిస్తుంది. మాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టే దాచేది. అలాంటి డిస్కు మీంచి తెచ్చిన "మైలవరం శాఖ" ఫోల్డరూ విండోస్‌లోని "మైలవరం శాఖ" ఫోల్డరూ కంటికి ఒకటే, బైట్లలో వేరు. సింక్ చేస్తే రెండు ఫోల్డర్లు పుడతాయి. పోల్చే ముందు రెండింటినీ ఎన్ఎఫ్‌సీ (ముక్కలని కలిపి రాసే యూనికోడ్ పద్ధతి) రూపానికి తెచ్చుకోండి.

పేర్లు ఒకేలా ఉండాలి, చోటు మారొచ్చు. ఫోన్ సపోర్టు సమస్యకి నా జవాబు ఇదే. "పైన ఎడమవైపు మూడో బొమ్మ నొక్కండి" అని చెప్పే సపోర్టు స్క్రిప్టు విండోస్‌లో కూడా తర్వాతి వెర్షన్‌కే చెల్లకుండా పోతుంది. ఐటమ్ పేరు మూడింట్లోనూ ఒకటే ఉంచి, పేరు టైపు చేస్తే ఆ పనికి తీసుకెళ్లే వెతుకు పెట్టె ఒకటి పెట్టండి. "వెతుకు పెట్టెలో 'స్టాకు సర్దుబాటు' అని కొట్టండి" అంటే ఏ మెషీనైనా ఒకటే మాట. మాక్‌లో హెల్ప్ మెనూలో మెనూ ఐటమ్‌లని వెతికే పెట్టె సిస్టమే ఇస్తుంది, కాకపోతే మీరు అసలైన మెనూ బార్ వాడితేనే. విండోలో సొంతంగా గీసిన మెనూ దానికి కనిపించదు.

3డి బొమ్మలు చేసే బ్లెండర్ మూడింట్లోనూ ఒకేలా ఉంది కదా అని ఎవరైనా అంటారు. నిజమే, తెర మొత్తం అదే గీసుకుంటుంది. రోజంతా అందులోనే ఉండే మనిషికి ఆ ప్రోగ్రామే ఒక సిస్టమ్ లాంటిది, జీ కదపడానికి, ఆర్ తిప్పడానికి, ఎస్ సైజు మార్చడానికి. ఆ బ్లెండర్ కూడా ఏళ్ల తరబడి కుడి క్లిక్‌తో ఎంపిక చేయించి, చివరికి 2019లో వచ్చిన 2.80లో డిఫాల్ట్‌ని ఎడమ క్లిక్‌కి మార్చింది.

సమయం తక్కువుంటే చేయాల్సిన వరస: ముందు టైపింగ్, షార్ట్‌కట్లు, తర్వాత ఫైల్ డైలాగ్, తర్వాత బటన్లు, మెనూ. రూపం ఆఖరున, అదీ నకిలీ చేయొద్దు. మాక్ బటన్‌ని బొమ్మల్లో అనుకరించి గీస్తే ఆ ఏడాది బానే ఉంటుంది, వచ్చే వెర్షన్‌లో ఆపిల్ మూలల గుండ్రం మార్చగానే మీది పాత సామానులా కనిపిస్తుంది. క్యూటీ స్టైల్‌కి వదిలేయండి లేదా దాపరికం లేకుండా మీ సొంత రూపం పెట్టుకోండి. లినక్స్‌లో అన్ని డెస్క్‌టాప్‌ల వెంటా పరిగెత్తక్కర్లేదు, గ్నోమ్ ఒకటీ కేడీఈ ఒకటీ చూస్తే చాలు.

టెస్టు కూడా పెద్ద ఖర్చు కాదు. ఆ సిస్టమ్ మీద రోజూ పనిచేసే మనిషిని కూర్చోబెట్టి, మౌస్ తీసేసి, పది ఐటమ్‌ల బిల్లు ఒకటి వేయించండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కొచ్చిందో రాసుకోండి. ఏమైనా ఇబ్బందా అని అడగొద్దు, మొహమాటానికి బానే ఉందంటారు.

మీ గ్రిడ్ క్యూటీ ఇచ్చే క్యూటేబుల్‌వ్యూ మీద కట్టారో సొంతంగా గీశారో రాయలేదు. మొదటిదైతే విండోస్‌లో ఎన్‌వీడీఏ, మాక్‌లో వాయిస్‌ఓవర్, లినక్స్‌లో ఓర్కా (చూపు లేనివాళ్లకి తెర చదివి వినిపించే ప్రోగ్రాములు) గడులని చదవడానికి కావాల్సిన పునాది అందులోనే ఉంది. సొంతంగా గీసినదైతే వాటికి అదొక ఖాళీ పెట్టె మాత్రమే, క్యూయాక్సెసిబుల్ కోడ్ మీరే రాయాలి. ఆ సంగతి చెప్తే మిగతాది అక్కణ్నుంచి మాట్లాడుకుందాం.